రాళ్లు సర్దే పురుషోత్తమన్ మామ

మా పురుషోత్తమన్ మామకు లోకంలో ఒక్కటే గిట్టదు: నిన్న ఉన్న చోటే వస్తువు ఇవాళా ఉండటం. పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు దగ్గర ఆయనకు స్టీలు పాత్రల అంగడి ఉంది. తాతల నాటి నుంచి వచ్చే గిరాకీలు కూడా గ్లాసు ధర అడిగే ముందు గ్లాసులు ఏ మూలకు పోయాయో అడగాల్సిందే. ఈ జబ్బు ఆయనకు ఇంట్లో చేపల తొట్టి నుంచి అంటుకుంది.

తొట్టి అంటే పిల్లలు ముచ్చటపడే గాజు బుడ్డి కాదు. హాలులో సోఫా ఉండాల్సిన చోటంతా అదే. మనుషులు మెట్ల మీద కూర్చుంటారు. అందులో దొర చిన్నదురై అనే ఫ్లవర్‌హార్న్ చేప. నుదుటి మీద నిమ్మకాయంత బుడిపె, ఒళ్లంతా పొగరు. అదృష్టం తెస్తుందని ఎవరో బొటనవేలంత పిల్లను కొన్నారు. అది పెరిగి, తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతివాడినీ కరవడం మొదలెట్టాక మామకు అంటగట్టారు. ఊళ్లో ఎవరి అదృష్టం ముదిరినా చేరేది మామ ఇంటికే. అలా కొత్త చేప వచ్చిన ప్రతిసారీ ఆయన పంచె ఎగగట్టి తొట్టిలోని రాళ్లన్నీ తీసి, మట్టికుండలు తిప్పి, అంతా మళ్లీ పేరుస్తాడు.

“ఎందుకు మామా ఈ చాకిరీ?” అన్నాను ఒకసారి.

“ఒరే సీతాపతీ, ఆ రాతి సందు నాదని వీడనుకుంటా ఉండాడు. కొత్తోడు ఆ పక్కకి పోతే కొరికి చంపేస్తాడు. రాళ్లు మార్చేస్తే వీడికీ ఊరు కొత్తే గదా. ఎవురి సందు యాడో వెతుక్కుంటా కొట్లాట మరిచిపోతారు.”

“మరిచిపోకపోతే?”

“మళ్లా మారుస్తా.”

అక్కడితో ఆగితే ఆయన మా మామ ఎందుకవుతాడు? బీరువా కదిలింది, మంచాలు కదిలాయి, చెప్పుల స్టాండు దేశాటన చేసింది. వంటగది జోలికి మాత్రం ఆయన పోలేదు. అక్కడ చిన్నదురై మా మహాలక్ష్మి అత్త.

ఇంతలో కొడుకు గిరిధర్ మోనికను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. ఏంబలంలో సేద్యం చేసే ఇంటి పిల్ల. శాకాహారుల ఇంట్లోకి నాటుకోడి పులుసు మరిగిన కోడలేమిటని అత్త గొణుగుడు. ఇదే ఇంట్లో చిన్నదురై దినమూ రొయ్యలు తింటాడు, ఆయన లెక్క వేరు కాబోలు.

“ఆ డబ్బా ముట్టొద్దు మే! అది సాంబారు గరిట. ఆడ నిలబడొద్దు, నాకు వెలుతురు రాదు.”

పాపం మోనిక వీధి చివర కొట్లో కాఫీ తాగి ఆఫీసుకు పోయేది. చివరికి గిరిధర్ కిరుమాంబాక్కంలో అద్దె ఇల్లు చూశాడు. మామకు ఒక్కడే కొడుకు. ఆ సంగతి విన్న పూట ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. చిన్నదురైకి రొయ్యలు వెయ్యడం కూడా మరిచిపోయాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

మరుసటి ఆదివారం అత్తనూ మోనికనూ చుట్టాల పెళ్లికి పంపించి, నన్ను పిలిపించాడు.

“డబ్బాలు మొయ్యి.”

“మామా, ఇది వంటగది!”

“నాకూ కండ్లుండాయి. మొయ్యి.”

కందిపప్పు అటకెక్కింది. పోపుల పెట్టె గోడ మారింది. సిలిండరుతో సహా స్టవ్వు కిటికీ దగ్గరికి నడిచింది.

“అత్త చంపేస్తుంది మామా.”

“నన్నే గదా. ఆ పిల్లను కాదు గదా.”

నేను ఈసారి రెండు డబ్బాలు ఒకేసారి ఎత్తుకున్నాను.

సాయంత్రం అత్త వేసిన కేకకు చిన్నదురై కూడా కుండలో దూరాడు.

“ఏందయ్యా ఇది! చింతపండు యాడ? ఉప్పు యాడ?”

“కొంచెం సర్దినా. యాడ పెట్టినానో మరిచిపోయినా,” అన్నాడు మామ. అది మాత్రం నిజం. నాకూ గుర్తు లేదు.

అత్త పట్టుచీరతోనే కింది అరలు వెతికింది. మోనిక స్టూలెక్కి పైవి చూసింది.

“అత్తా, జీలకర్ర ఈడుండాది!”

“ఇటియ్ మే. పక్కన మిరియాలుండాయేమో చూడు.”

“పప్పు ఈ కింద పెడదామా అత్తా? చేతికి అందతాది.”

అత్త కాసేపు డబ్బానూ కోడలినీ మార్చి మార్చి చూసింది.

“సరే, పెట్టు,” అంది.

ఆ వంటగదిలో అత్త ఎవరితోనైనా ‘సరే’ అనడం నేనెన్నడూ వినలేదు. ఆ మాట చెవిన పడగానే గిరిధర్ వాకిట్లోకి పోయి, అద్దె ఇల్లు వద్దని ఫోను చేశాడు.

ఆ రాత్రి చారు ఇద్దరూ కలిసి పెట్టారు. ఉప్పు మాత్రం ఇంకా దొరకలేదు.

“ఏంది, ఉప్పు లేదే?” అన్నాడు మామ, ఏమీ ఎరగనట్టు.

“నోరు మూసుకొని తిను!” అంది అత్త.

“దాచింది మీరే గదా మామయ్యా!” అంది మోనిక, అత్త భుజం పక్కనే నిలబడి.

ఇద్దరూ ఒకే పక్క చేరి వాయిస్తుంటే, మామ ఆ చప్పిడి చారునే అడిగి మరీ ఇంకోసారి పోయించుకున్నాడు.