పచ్చగా కనిపించిన బెల్లం

ఆ రోజుల్లో తగ్గించలేని ధరంటూ ప్రపంచంలో ఏదీ లేదని నా నమ్మకం. కొట్లలో పుట్టి పెరిగినవాణ్ణి. డాక్టరుగారు మూడు మందులు రాస్తే రెండింటితో సరిపెట్టమని అడిగిన ఘనుణ్ణి. అలాంటి నేను కంప్యూటరు కోర్సు ముగించుకుని తెనాలి వచ్చి, మా బాబాయి కిరాణా కొట్టుకి టెక్నాలజీ ప్లాను వేస్తానని బయలుదేరాను. బాబాయిది పెద్ద కొట్టు, రేపల్లెలో అత్తయ్యది చిన్న కొట్టు. ఆవిడకి సరుకంతా తెనాలి నుంచే వెళ్లాలి. రోజూ మధ్యాహ్నం అత్తయ్య తన దగ్గర ఏ సరుకు ఎలా ఉందో ఫోనుకి తెలుగులో చెబితే, తెనాలిలో తెర మీద ఉన్నది పచ్చగా, లేనిది ఎర్రగా కనిపించాలి. అదీ ప్లాను. క్రిస్మస్ దాకా తప్పు లేకుండా నడిస్తే మేడ మీది గది నాకు ఆఫీసు, లేకపోతే కింద కాటా దగ్గర స్టూలు. ఇదీ బాబాయితో ఒప్పందం. (గదికి ఫ్యాను కూడా అడిగి ఒప్పించాను.)

సాఫ్ట్‌వేరు చేసిపెట్టింది బాపట్లలో ఉండే ఒకాయన. చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో చదువుకున్న మనిషి, ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించడం ఎరగడు. ఆయన కొటేషన్లో ఆఖరి లైను: ఒక రోజు కొట్లో కూర్చుని అక్కడివాళ్లు వాడే మాటలు రాసుకోవడం. దానికి విడిగా ఫీజు. నాకు నవ్వొచ్చింది.

“మా కొట్టు మాటలు మాకు తెలియవా సార్? ఆ లైను కొట్టేయండి.”

“అది ఉంటేనే మంచిదండి” అన్నాడాయన.

అలా మెత్తగా అనేవాడి దగ్గరే బేరం బాగా తెగుతుంది. కొట్టేయించాను. ఆ సాయంత్రం బాపట్ల నుంచి తెనాలికి రైల్లో వస్తున్నంతసేపూ నా మీద నాకే గౌరవం.

క్రిస్మస్‌కి వారం ముందు మాట. రేపల్లెలో చర్చి వీధి ఇళ్లన్నీ అరిసెల బెల్లానికి అత్తయ్య కొట్టుకే వస్తాయి. సోమవారం తెర మీద బెల్లం పచ్చగా ఉంది. మంగళవారం ఇంకా పచ్చగా ఉంది. “రేపల్లెకి బెల్లం పంపొద్దంటావా?” అని బాబాయి అనుమానంగా అడిగితే, మనుషుల అనుమానాల కోసమే మెషీన్లు పుట్టాయని చెప్పాను. బుధవారం ఆ మెషీనే, అక్కడ బెల్లం మరీ ఎక్కువైంది, కొంత వెనక్కి తెచ్చుకోమని సలహా ఇచ్చింది. ఖాళీ ట్రాలీ ఆటో మాట్లాడుకుని (రానూపోనూ కలిపి బేరమాడి) నేనే బయలుదేరాను.

కొట్టు ముందు ఆటో ఆగగానే అత్తయ్య మొహం వెలిగింది. ఆవిడ ఆటోలోకి చూస్తోంది, బెల్లం కోసం. నేను కొట్లోకి చూస్తున్నాను, బెల్లం కోసం. చర్చి వీధి టీచరమ్మగారు సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని మా ఇద్దర్నీ చూస్తున్నారు.

“బెల్లం ఏదిరా?”

“అదేంటత్తయ్యా, నీ దగ్గరే నిండా ఉందటగా?”

“మూడు రోజుల్నుంచి ఆ ఫోనుకి మొత్తుకుంటున్నాను కదరా, బెల్లం నిండుకుంది, నిండుకుంది అని. ఇవాళైతే పూర్తిగా నిండుకుందని కూడా చెప్పాను.”

అప్పుడు తెలిసింది. దీపం పెట్టిన కొట్లో ‘లేదు’, ‘అయిపోయింది’ అనకూడదు, నిండుకుంది అనాలని నాకు నేర్పింది అత్తయ్యే (ఓసారి ‘ఉప్పు లేదు’ అన్నందుకు నెత్తి మీద మొట్టి మరీ). మెషీను పాపం ‘నిండు’ వరకు విని పచ్చరంగు పూసింది.

“వేరే చోట చూసుకోమంటారా అమ్మా?” అన్నారు టీచరమ్మగారు, మొహమాటంగా. ఆవిడ లేస్తే ఆవిడ వెనక వీధి వీధంతా లేస్తుంది.

“కూర్చోండి టీచరుగారూ, వెనక నుంచి ఇప్పుడే వచ్చేస్తుందండి” అని, అత్తయ్య నన్ను వెనక గుమ్మంలోకి నెట్టింది. “పక్క వీధి కొట్లో పట్రా. బేరమాడుతూ కూర్చున్నావో, చంపేస్తాను.”

అడిగిన ధర ఇచ్చి, దిమ్మలు భుజాన పెట్టుకుని పరిగెత్తాను. నా జీవితంలో నోరెత్తకుండా కొన్న మొదటి సరుకు అది.

బాబాయి నాకు కాటా దగ్గర స్టూలు చూపించాడు. మేడగదిలోకి చింతపండు బస్తాలు ఎక్కించాడు. మాటిచ్చాడు కనక ఫ్యాను కూడా బిగించాడు. కింద స్టూలు మీద నాకు చెమటలు పడుతుంటే పైన చింతపండు చల్లగా ఉండేది.

ఇప్పుడు నేనూ చిన్న కొట్లకి ఇలాంటి ప్లాన్లే వేసి బతుకుతున్నాను. మొదటి రోజు పని, స్టూలు వేసుకుని వినడమే. దానికి విడిగా ఫీజు. మొన్న ఒక చెప్పుల కొట్టాయన, “మా మాటలు మాకు తెలియవా అండీ, ఆ లైను తీసెయ్యండి” అన్నాడు. కోపం రాలేదు, ముచ్చటేసింది. అది ఉంటేనే మంచిదండి అన్నాను, మెత్తగా.

ఈ సంగతి ఫోన్లో చెబితే అత్తయ్య నవ్వి, “అప్పటి నీ తెలివితేటలు ఏమయ్యాయిరా?” అంది. లేవంటే ఒప్పుకోదుగా.

“నిండుకున్నాయి అత్తయ్యా” అన్నాను.