రెండు కేకలు

ఫైమానోకి అరవై రెండేళ్ళు. అందులో నలభై ఏళ్ళు ఆమె కొండ అంచున ఫెర్న్ పొదలు నరికింది. ఇంకేం చేసిందంటే మా లోయలో ఎవరూ చప్పున చెప్పలేరు. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో వెనక వరుసలో నిలబడి గొంతెత్తి పాడుతుంది, పాట కాగానే ఎవరినీ పలకరించకుండా ఇంటికి వెళ్ళిపోతుంది. పొగరని కొందరంటారు. పొగరూ లేదు, పాడూ లేదు. మాట్లాడే మనిషి పోయాక మాటలు తుప్పు పట్టాయి, అంతే.

తెఆతా శిఖరానికి దారి కొండ వీపు మీదుగా పోతుంది. కొన్నిచోట్ల రెండు పాదాల వెడల్పు కూడా ఉండదు. కుడివైపు మా లోయ, ఎడమవైపు పక్క ఊరివాళ్ళ లోయ, పడితే రెండూ ఒకటే. ఇక్కడ మనిషి ప్రాణం తీసేది వానా కాదు, గాలీ కాదు, ఫెర్న్. వానాకాలం నాలుగు నెలల్లో నడుమెత్తు పెరిగి, అంచు దాటి గాలిలోకి పాకుతుంది. చూసేవాళ్ళకు అదంతా నేలే అనిపిస్తుంది. కాలు పెడితే కింద ఏమీ ఉండదు. అందుకని ఏటా వానలు వెనకబట్టాక ఎవరో ఒకరు వెళ్ళి రెండువైపులా నరికి, నేల ఇక్కడితో సరి అని కంటికి చూపించాలి. శిఖరమెక్కి ఫోటోలు దిగేవాళ్ళకు ఈ సంగతి పట్టదు. దారి దేవుడే వేశాడనుకుంటారు.

ఆ ఎవరో ఒకరు ఫైమానో, ఆమె మొగుడు పునువా. అతను ముందురోజే ఎక్కి, పైనున్న రేకుల గదిలో పడుకుని, పొద్దున్నే పైనుంచి కిందికి నరుక్కుంటూ వచ్చేవాడు. ఆమె కిందినుంచి పైకి నరుక్కుంటూ వెళ్ళేది. మధ్యలో ఒక బల్లపరుపు రాయి మీద కలుసుకుని ఉడకబెట్టిన టారో దుంపలు, డబ్బా మాంసం తినేవాళ్ళు.

మబ్బు దిగితే మాత్రం వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. తెఆతా మీద మబ్బు చెప్పి రాదు. చాచిన చెయ్యి చాచినట్టే మాయమైపోతుంది. అప్పుడు ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవాలి. కిందివాళ్ళు ఒక్క కేక వెయ్యాలి, పైవాళ్ళు రెండు కేకలతో జవాబివ్వాలి. రెండే ఎందుకంటే, ఎదురుగా ఉన్న నల్లరాతి గోడ ఏ కేకనైనా ఒకసారి తిప్పి పంపుతుంది. రెండు వినిపించాకే లేవాలి, ఆ గొంతు వైపు నడవాలి. “ఒకటి వినిపిస్తే రాయి, రెండు వినిపిస్తే మొగుడు” అని ఫైమానో నవ్వేది. కేక వెయ్యడం ఎప్పుడూ ఆమె వంతు. జవాబివ్వడం ఎప్పుడూ అతని వంతు.

ముప్పైమూడేళ్ళు కొండ మీద ఒక్కసారి కూడా కాలు జారని పునువాకు, చివరికి చక్కెర జబ్బుతో ఆ కాలే తీసేశారు. ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. అతను పోయి ఏడేళ్ళు.

ఈ ఏడేళ్ళూ ఫైమానో ఒక్కతే నరికింది. రెండు రోజుల పని ఐదు రోజులయింది. మబ్బు దిగినప్పుడల్లా కూర్చుని ఒక్క కేక వేసేది. గోడ ఒక్కటి తిప్పి పంపేది. పైన ఎవరూ లేరని ఆమెకు తెలుసు, పిచ్చిది కాదు. అయినా ఆ ఒక్కటి వినిపించాక, రెండోది వచ్చేంతసేపు ఊపిరి బిగబట్టి ఉండేది. ఆ కాసేపే ఆమెకు మిగిలిన కాపురం.

ఇది పసిగట్టింది మొయెఆతా ఒక్కతే. పునువా చెల్లెలు. సముద్రం ఒడ్డున ఉంటుంది, రోడ్డు పక్కన కొబ్బరిపాల పిండివంటలు వేయించి అమ్ముతుంది. నోరు పెద్దది, మనసూ పెద్దదే.

“ఏంటొదినా, మళ్ళీ బయల్దేరావా మా అన్న దగ్గరికి? పలికాడా పోయినేడు?”

“పలికితే నీకు చెప్తానా? మొగుడూ పెళ్ళాల మాటలు నీకెందుకే!”

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఊరికే అన్నారా! మోకాళ్ళు చూసుకున్నావా? మెట్టెక్కితే కిర్రుమంటున్నాయి. అక్కడ జారిపోతే ఎన్నాళ్ళకి తెలుస్తుంది మాకు? పందులకి తెలుస్తుంది ముందు.”

“తెలిస్తే తెలియనీ.”

“అది కాదొదినా.” మొయెఆతా గొంతు తగ్గించింది. “నా ఇంట్లోనూ నేనొక్కదాన్నే కదా. వచ్చి ఉండు. ఇద్దరం కొట్టుకు చద్దాం.”

ఈసారి ఫైమానో కాదనలేకపోయింది. ఈ ఏడాది నరికి వచ్చి, కత్తి మొయెఆతా చేతిలో పెట్టేస్తానని మాటిచ్చింది. మాటయితే ఇచ్చింది కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. కత్తి ఇచ్చెయ్యడమంటే పునువాను రెండోసారి పూడ్చిపెట్టడమే. ఇవ్వకపోతే మాట పోతుంది, రేపో మాపో ప్రాణమూ పోతుంది.

ఐదో రోజు, ఆఖరి రోజు. బల్లపరుపు రాయి దాటి, అన్నిటికన్నా సన్నని వీపు మీదికి వచ్చేసరికి మబ్బు దిగింది. ఫైమానో కూర్చుంది. ఇదే ఆఖరు అనుకుని, ఏడేళ్ళలో ఎన్నడూ వెయ్యనంత గట్టిగా కేక వేసింది.

గోడ ఒక్కటి తిప్పి పంపింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. అప్పుడు పైనుంచి ఒక కేక వచ్చింది. వెనకే ఇంకొకటి.

ఫైమానోకి ప్రాణం లేచివచ్చింది. ఆలోచించలేదు, భయపడలేదు. రెండు వినిపిస్తే లేవాలి, అంతే. “పునువా! వస్తున్నా!” అంటూ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి ఆ గొంతు వైపు పరుగులాంటి నడక నడిచింది. అక్కడ ఫెర్న్ ఇంకా నరకలేదు. నాలుగో అడుగుకి కుడికాలు తొడదాకా గాలిలోకి దిగిపోయింది.

చేతికందిన వేరు పట్టుకుని వేలాడింది. కాలికింద జారిన రాళ్ళు ఎక్కడో అడుగున చాలాసేపటికి చప్పుడు చేశాయి. నలభై ఏళ్ళుగా ఎవరూ పడకూడదని నరికిన చోట తనే పడబోయింది. తన మీద తనకే సిగ్గూ, కోపమూ వచ్చాయి. ఎలాగో పైకి పాకి బోర్లా పడుకుంది. అప్పుడు వినిపించింది, పైన ఒక ఆడపిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

పునువా కాదు. ఎప్పటికీ కాదు.

ఏడవడానికి తీరిక లేదు. “కదలకండి! ఎక్కడున్నవాళ్ళక్కడే కూర్చోండి!” అని అరిచి, ముందు కత్తితో పొద నరికి, చేత్తో నేల తడిమి, అప్పుడు పాకుతూ వెళ్ళింది. పాతికడుగులకి అరగంట పట్టింది. మొదట దొరికింది చిన్నది, రౌతియా. దారి తప్పి, కొండ వీపు నుంచి పక్కకు పొడుచుకొచ్చిన మొటిమలాంటి రాయి మీద కూర్చుని ఉంది, పాదాలు ఫెర్న్‌లో చాపుకుని. ఆ పాదాల కింద నేల లేదు. ఫైమానో ఆ మాట పిల్లతో చెప్పకుండా, చంకల కింద చేతులేసి మెల్లగా వెనక్కి లాగింది. పదడుగుల పైన అక్క వైహేరే ఉంది. పపేటె పట్నంలో బ్యాంకులో పనిచేసే అక్కచెల్లెళ్ళు. శిఖరం మీద సూర్యోదయం చూసి దిగుతుంటే మబ్బులో విడిపోయారట.

“రెండుసార్లు అరిచిందెవరే?” అని అడిగింది ఫైమానో, ఊపిరి అందాక.

“నేనొకసారి అరిచాను పెద్దమ్మా. అది వినిపించి చెల్లెలొకసారి అరిచింది” అంది వైహేరే. “మీ కేక విన్నాకే ధైర్యం వచ్చింది. మీరెవర్ని పిలిచారు?”

“మా ఇంటాయన్ని.”

“ఆయనెక్కడున్నారు?”

“తినండి ముందు” అని దుంపల మూట విప్పింది.

ఇద్దరినీ సన్నని వీపు దాటించి, తను నరికిన దారి మొదట నిలబెట్టింది. “ఇక్కణ్ణుంచి దారి తలలో పాపిడిలా ఉంటుంది. పాపిడి మీదే నడవండి. కాలికి ఆకు తగిలిందా, ఆగిపోండి. అనుమానమొస్తే ఒక్క కేక వెయ్యండి, నేను రెండు వేస్తాను. రెండు వినిపిస్తేనే కదలండి.”

“మీరు రారా పెద్దమ్మా?” అంది రౌతియా.

“నువ్వు కూర్చున్న చోటు నరకాలి కదా.”

వాళ్ళు మబ్బులోకి దిగిపోయారు. కాసేపటికి కిందినుంచి ఒక కేక వచ్చింది. ఫైమానో నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగిపోయింది. ఈ జవాబు ఆమె జన్మలో ఎప్పుడూ ఇవ్వలేదు. అది అతని వంతు. తర్వాత వేసింది, ఒకటి, వెనకే ఇంకొకటి. మళ్ళీ కేక వచ్చింది, దూరంగా. మళ్ళీ రెండు వేసింది. మూడోసారి సన్నగా వినిపించింది. ఆ తర్వాత రాలేదు. మబ్బు కిందికి దిగి ఉంటారు. ఇక వాళ్ళకు ఆమెతో పని లేదు.

ఆమె చాలాసేపు కూర్చుంది. చివరికి అలవాటు చంపుకోలేక ఒక్క కేక వేసింది. గోడ ఒక్కటి తిప్పి పంపింది. ఈసారి ఊపిరి బిగబట్టలేదు. తన కేకకు తనే రెండు కేకలు జవాబిచ్చి, ముఖం తుడుచుకుని, కత్తి తీసుకుని ఆ మొటిమ మీది పొదంతా నరికేసింది.

సాయంత్రం దారి మొదట్లో మొయెఆతా కాఫీ సీసాతో కాచుకుని ఉంది. దిగొచ్చిన అక్కచెల్లెళ్ళు అంతా చెప్పేశారు. ఫైమానో చిరిగిన బట్ట, తొడ మీద గీరుకుపోయిన గాయం చూసి ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత చెయ్యి చాచింది.

“ఏదీ, కత్తి ఇటివ్వు. మాటంటే మాటే. ఇంక చాలొదినా. ఎవరున్నారు నీకక్కడ?”

ఏడేళ్ళుగా ఈ ప్రశ్నను ఫైమానో నవ్వులో తోసేసేది. ఇవాళ నవ్వలేదు.

“ఎవరూ లేరు మొయెఆతా” అంది. “అందుకే నేనుండాలి.”

మొయెఆతా చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత ఆ చేత్తోనే ఆమెకు కాఫీ పోసింది.