కటింగ్ షాపు బాబాయి మోకాలు

కటింగ్ షాపు బాబాయి బరువంతా కుడికాలి మీద మోపి, నొప్పి పెట్టే ఎడమ మోకాలిని కాస్త వంచి పనిచేసేవాడు. కత్తెరతోపాటు నోరూ ఆడుతూనే ఉండేది. కుర్చీలో మనిషి కదిలితే మాత్రం, "బొమ్మలా కూర్చో నాయనా, చెవి తెగితే నా పూచీ లేదు" అనేవాడు.

మాత్రలు పనిచేయక, నిలబడలేక షాపు మూసేయాల్సి వస్తుందన్న భయంతో చివరికి ఆసుపత్రికి వెళ్లాడు. కోత లేకుండా, శబ్దతరంగాలను మోకాలి ఎముక మీద ఒక్కచోటికి చేర్చి, ఆ వేడితో నొప్పి తగ్గించే వైద్యం. కాలు కదిలితే యంత్రం ఆపేయాలి. బాబాయి పడుకున్నవాడు పడుకున్నట్టే, ఏ పెళ్లికొడుకు మీసం ఎలా దిద్దాడో చెప్పడం మొదలుపెట్టాడు. చేతులు తిప్పకుండా ఆయన కథ చెప్పలేడు. చేతులతోపాటు కాలూ కదిలింది. యంత్రం ఆగింది. మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. చిన్నప్పుడు ఆయన కుర్చీలో ఏడుస్తూ కటింగ్ చేయించుకున్న నర్సు వంగి, "బొమ్మలా పడుకో బాబాయ్, మోకాలు పోతే నా పూచీ లేదు" అంది. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, చివరిదాకా కదలకుండా పడుకున్నాడు.

కొన్నాళ్లకు నొప్పి బాగా తగ్గింది. నిన్న కుర్చీలో ఒకాయన ముక్కు గోక్కుంటూ అటూ ఇటూ మెసిలాడు. బాబాయి కత్తెర పైకెత్తి, రెండు కాళ్ల మీదా తీరిగ్గా నిలబడి, "కానియ్ నాయనా, కదలకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు" అన్నాడు.