కూర్చుంటే తిరుగుబాటట

తిరుగుబాటు అనే మాట మడతక్కకు తెలియనిది కాదు. చిన్నప్పుడు బళ్ళో చదివింది. రాజు మీద సైన్యం చేసేది అది, కోటలు కూలేది, తలలు తెగేది. ఇంట్లో వాడుకునే మాట కాదు. అలాంటిది ఒక రోజు వచ్చి తన నెత్తిన పడుతుందని, అదీ కాసేపు కూర్చున్నందుకని, ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ ఒక పెద్ద హోటల్లో, నేలకింది గదిలో ఉన్న లాండ్రీలో పనిచేస్తుంది. పై అంతస్తుల్లో పరిచే దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఉతికి ఆరాక ఆవిడ బల్ల మీదకు చేరతాయి. అంచుకు అంచు కలిపి ఆవిడ మడత పెడితే కొట్లోంచి అప్పుడే తెచ్చిన కొత్త బట్టలా ఉంటుంది. ఇంట్లో తుడుపుగుడ్డను కూడా మడత పెట్టందే నిద్రపోదు. అందుకే అందరికీ మడతక్క అయింది. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఎవరేమన్నా "సరేలే" అనేసి ఇంకో దుప్పటి దులుపుకునేది.

లాండ్రీలో ఉండేది నలుగురే. ఉతికే మిషన్ల దగ్గర పిన్ని, ఇస్త్రీ బల్ల దగ్గర బావ, బట్టల బండి తోసే వదిన, మడతక్క. చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే ఆవిరిలో ఉడికి వరసలు కలిపేసుకున్నారు. అక్కడ కూర్చోడానికి ఏమీ ఉండేది కాదు. నిలబడే పని చెయ్యాలన్నది ఎవరు పెట్టిన రూలో కూడా వాళ్ళకు తెలియదు.

ఒక మధ్యాహ్నం మడతక్క మోకాళ్ళు మొరాయించాయి. ఖాళీ సబ్బు డ్రమ్ము బోర్లించి, దాని మీద కూర్చుని మడతలు పెట్టసాగింది. అప్పుడే సూపర్‌వైజరు మెట్లు దిగి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళంటే హడలు, అంతే.

"ఏంటక్కా ఇది? తిరుగుబాటా?"

"కాళ్ళు లాగేస్తుంటే కాస్త..."

"ఇవాళ నువ్వు కూర్చుంటావు, రేపు అందరూ కూర్చుంటారు. లే, లే."

డ్రమ్మును కాలితో దొర్లించుకుంటూ తీసుకుపోయాడు. మిగతా ముగ్గురూ తలలు వంచుకుని పనిలో పడ్డారు. తిట్టి ఉంటే మడతక్క ఆ పూటకే మర్చిపోయేది. ఆ మాట మాత్రం చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది.

ఆవిడ భర్తకు వీధి చివర చిన్న క్షౌరశాల ఉంది. ఊళ్ళో కబుర్లన్నీ ఆయన కత్తెర చప్పుడు మధ్యే తిరుగుతుంటాయి. ఆ రోజు అన్నం దగ్గర ఆయన్నే అడిగింది.

"ఏమయ్యా, తిరుగుబాటంటే ఏంటి?"

ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆయన ఆగాడు. "ఎవరి మీద చేస్తావే? కొంపదీసి నా మీదేనా?"

"వేళాకోళం ఆపి చెప్పు."

జరిగింది విన్నాక ఆయన ఇక నవ్వలేదు. ముద్ద తిరిగి కంచంలో పెట్టేసి అన్నాడు: "పిల్లాడు చేస్తే మొండితనం అంటారు. కోడలు చేస్తే ఎదురు చెప్పడం అంటారు. అదే పని నలుగురూ కలిసి చేశారనుకో, తిరుగుబాటంటారు."

"మరి నేనొక్కదాన్నే కదా కూర్చుంది? మిగతా ముగ్గురూ ఆయనకెక్కడ కనిపించారు?"

"నీ వెనకాలే కనిపించుంటారు. అందుకే అంత కంగారు పడ్డాడు."

మడతక్క చెయ్యి కడుక్కుని గుమ్మంలో కూర్చుంది. తన మోకాళ్ళ సంగతి తనకు తెలుసు. సాయంత్రానికి పిన్ని పాదాలు వాచి చెప్పుల్లో పట్టవని తెలుసు. వదిన ఒక చేత్తో నడుం పట్టుకుని బండి తోస్తుందనీ తెలుసు. అయినా ఇన్నేళ్ళలో ఎవరూ ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. ఎవరి నొప్పి వాళ్ళే మడతపెట్టి దాచుకున్నారు.

మర్నాడు భర్త అన్నదంతా ముగ్గురికీ చెప్పింది.

పిన్ని పకపకా నవ్వింది. "మన మొహాలకి తిరుగుబాటు కూడానా!"

"మన మొహాలకే," అంది మడతక్క. "వెళ్ళి సూపర్‌వైజర్ని అడుగుదాం. కూర్చుని పని చేస్తామంటే ఆయనేం చేస్తాడు, కొరుక్కు తింటాడా?"

"కూర్చుని ఇస్త్రీ చెయ్యడం నావల్ల కాదమ్మా," అన్నాడు బావ. "అయినా వస్తాను. ముగ్గురైతే నలుగురని ఎలా అంటారు?"

మెట్లెక్కుతూ మడతక్క గోడ పట్టుకుంది. నొప్పికో భయానికో ఆవిడకే తెలియలేదు. సూపర్‌వైజరు గది ముందు గొంతు సవరించుకుంది.

"బాబూ, నిన్న మీరో మాట అన్నారు. దాని అర్థం కనుక్కున్నాను. నిన్న నేను చేసింది అది కాదు, ఒక్కదాన్నే కాబట్టి. ఇవాళ నలుగురం వచ్చాం. ఇప్పుడైతే అనండి, పడతాను."

సూపర్‌వైజరు నలుగురి మొహాలూ చూశాడు. "పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"కూర్చున్నారని చెప్పండి," అన్నాడు బావ.

ఎంత బిగబట్టుకున్నా ఆయనకు నవ్వు ఆగలేదు. "స్టోర్‌రూమ్‌లో రెండు స్టూళ్ళు పడున్నాయి, పట్టుకుపోండి. పని వెనకబడిందో, నా కొంప మునుగుతుంది."

పని వెనకబడలేదు. ఆ వారంలోనే మేనేజరమ్మ చెప్పాపెట్టకుండా కిందికి దిగింది. మడతక్క, పిన్ని స్టూళ్ళ మీద ఉన్నారు. పిన్ని లేవబోయింది. మడతక్కకూ లేవాలనే అనిపించింది కానీ, ఒళ్ళో దుప్పటిని గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది.

"వీళ్ళు కూర్చున్నారేంటి?"

సూపర్‌వైజరు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "నేనే కూర్చోమన్నాను మేడమ్. నిలబడి చేసినా అదే పని, కూర్చుని చేసినా అదే పని."

ఆవిడ దుప్పట్ల దొంతరల వైపోసారి చూసింది. "సరే. మూడో అంతస్తుకి తువ్వాళ్ళు త్వరగా పంపించండి," అని వెళ్ళిపోయింది.

అడుగుల చప్పుడు పూర్తిగా ఆగాక పిన్ని మెల్లిగా అంది: "బాబూ, ఇప్పుడు మనం ఐదుగురం."

అప్పటినుంచి ఆ గదిలో ఆ మాట మంచినీళ్ళంత మామూలైపోయింది. బండి తోసి అలిసిపోయి వచ్చిన వదినకు ఎవరో ఒకరు స్టూలు జరిపి "కాసేపు తిరుగుబాటు చెయ్యి" అంటారు. సూపర్‌వైజరు విని కూడా విననట్టు వెళ్ళిపోతాడు.

అన్నీ ఒక్కసారే చక్కబడిపోలేదు. ఇస్త్రీ సెగకు తట్టుకోలేక బావ ఒక ఫ్యాను అడిగితే "చూద్దాం" అన్నారు. ఆ చూడటం ఇంకా పూర్తి కాలేదు. మొన్న సాయంత్రం తడిసిన చొక్కా పిండుకుంటూ ఆయన, "పోనీలే, అలవాటైపోయింది" అన్నాడు.

"పోనీలే ఏంటి బావా? రేపు పొద్దున్నే పైకెళ్దాం," అంది మడతక్క. "ఈసారి నువ్వు మాట్లాడు. నీ వెనకాల నేను నిలబడతాను."