ఊడిన పన్ను, తప్పిన కూడికలు

మా కింది వాటాలో ఉండే ఆఫ్రీన్‌ది రెండో తరగతి. కూడికల్లో ఎప్పుడూ తప్పు పోదు. ఈ సాయంత్రం లెక్కలు చూపించడానికి పైకి వచ్చింది. పది దాటిన ప్రతి జవాబూ ఒకటి ఎక్కువగా ఉంది. ఎనిమిదీ ఐదూ పద్నాలుగట. ఏడూ ఆరూ కూడా పద్నాలుగే.

నా ముందే మళ్ళీ చేయమన్నాను. చేతులు కట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది. బుగ్గ లోపల ఏదో కదులుతోంది.

"నోట్లె ఏమున్నదే, చాక్లెటా?"

"కాదక్కా, నాలుక. పండ్లు లెక్కవెడ్తున్న."

"వేళ్ళున్నయి గదా?"

"వేళ్ళ మీద లెక్కవెడ్తే టీచర్ కొడ్తది. చేతులు కట్టుకొనే చెయ్యాలె. నాలుకైతే కనవడది."

పై వరుస పళ్ళు పూర్తయితే పది, మిగిలినవి కింది వరుసలో. ఇదీ దాని పద్ధతి. నిన్న పైపన్ను ఒకటి ఊడిపోయింది. ఇప్పుడు ఆ వరుస తొమ్మిదికే అయిపోతోంది. ఆఫ్రీన్ మాత్రం ఇంకా పది అనే అనుకుంటోంది.

ఇక్కడ కొట్టేవాళ్ళెవరూ లేరు, వేళ్ళ మీదే చెయ్యమన్నాను. ఒకసారి తలుపు వైపు చూసింది గానీ, కట్టుకున్న చేతులు విప్పలేదు.

"అక్కా, సోమవారం లోపల కొత్త పన్ను వస్తదా? ఆ రోజే పరీక్ష."

సోమవారానికి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టాను. కాన్వెంట్ వదిలి ఇన్నేళ్ళయినా నేను ఇప్పటికీ చున్నీ చాటునే వేళ్ళు మడుస్తాను. మీరు ఎక్కడ దాచుకుని లెక్కపెట్టేవారు?