పూత మీద మంచు

ఈ యేడు బేనీషా మామిడికాయలు పంపలేదేం జేజీ అని నిన్న ఫోన్లో అడిగావు కదా చిన్నోడా. పంపడానికి కాయల్లేవు నాయనా. మీ అక్కకు కూడా చెప్పు. తనకూ అడగాలని ఉన్నట్టుంది, ఊరుకుంది.

పులివెందుల దారిలో మన మామిడి తోట మీకు తెలుసు. అంతకుముందు రెండేండ్లు పూత వచ్చినట్టే వచ్చి నిలవలేదు. ఈసారి కూడా నిలవకపోతే చెట్లు కొట్టించి అరటి పెడతానని మీ చిన్నాయన ముందే చెప్పేశాడు. జేజినాయన అవుననలేదు, కాదనలేదు. మా పెళ్లయిన కొత్తలో ఆయన నాటిన చెట్లవి. బిందెలతో నీళ్లు మోసి బతికించాం.

ఈసారి పూత ఎంత వచ్చిందంటే ఆకు కనపడలేదు. శివరాత్రి దగ్గర పడేసరికి మంచు మొదలైంది. తెల్లవారి గట్టు మీద నిలబడితే మొదటి వరస చెట్లు కూడా కనిపించేవి కావు. ఆ తడి ఆరకముందే ఎండ తగిలితే పూత నల్లబడి మాడిపోతుంది. మీ చిన్నాయన ప్రొద్దుటూరు నుంచి మందు తెచ్చి కొట్టాడు. మరుసటి పొద్దున మళ్లీ మంచే. చెత్త కుప్పలు వేసి పొగ పెట్టాం. ఆ పొగకు తేనెటీగలు రావడం మానుకున్నాయి.

అప్పుడు జేజినాయన తన పాత పద్ధతి బయటికి తీశాడు. పొడుగాటి సర్వి కట్టె కొసకు పాత పంచె చుట్టి, పొద్దు పొడవకముందే కొమ్మలను మెల్లగా తట్టాలి. నీళ్లు రాలిపోవాలి. ముగ్గురం తలా ఒక కట్టె పట్టుకున్నాం. నీళ్లు చల్లగా నెత్తిన పడేవి. వాటితో పాటు పూత కూడా పడేది.

"నాయనా, పూత రాలిపోతాండాది," అన్నాడు మీ చిన్నాయన.

"అది నిలిచే పూత కాదులేరా. తట్టు."

"నిలిచేదో కాదో నీకు చెప్పి రాలుతాండాదా?"

జేజినాయన ఇంకో చెట్టు కిందికి పోయాడు. మానేద్దామనే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు. చేతులు ముడుచుకుని మంచును చూస్తూ కూర్చోవడం అంతకంటే కష్టం.

మంచు పోయేసరికి కొమ్మలకు ఉత్త పుల్లలు మిగిలాయి. బావి పక్కనున్న నాటుచెట్టుకు మాత్రం, మా కట్టెలు అందని పైకొమ్మల్లో, కొన్ని పిందెలు నిలిచాయి. నాటుది గట్టిది, మంచుకు ఓర్చుకుంటుంది అన్నాడు మీ చిన్నాయన. నేను అవునంటానేమోనని నా వైపు చూశాడు. నేను ఆ పైకొమ్మల వైపే చూశాను.

ఉగాది పోయాక చెట్లు కోసే మిషన్ వచ్చింది. జేజినాయన మంచం బయట వేయించుకుని అటే చూస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చుని ఒక మాట అడిగాను. ఆయన టవల్‌తో మొహం తుడుచుకున్నాడు. చప్పుడుకు వినపడలేదేమోనని, మిషన్ ఆగేదాకా ఉండి మళ్లీ అడిగాను. ఈ పొద్దుకూ చెప్పలేదు.

"ఏమయా, మంచే రాల్చిందా, మనమే రాల్చినామా?"