చట్రానికి మాసికలు

పాత రేసుకార్లను చూసి ఇది అసలు, ఇది నకలు అని తేల్చడం నా పని. అసలుదైతే దానికి కావలసిన సీటు బెల్టుల్లాంటి సరంజామా కూడా నేనే బిగిస్తాను. గుంటూరులో నా షెడ్డు పక్కనే మిరపకాయల గోదాము. సీజన్లో తుమ్ముకుంటూనే నట్లు బిగించాలి. నకలుని నకలని మొహం మీదే చెప్పేస్తానని నాకు చెడ్డపేరు ఉంది. అలాంటివాడిని మా బావగారి కారు దగ్గర మాత్రం ఆ మాట అనడానికి జంకాను.

బావగారంటే మా అక్క భర్త, వినుకొండ దగ్గర పత్తి రైతు. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో కొన్న రెండు సీట్ల ఇంగ్లీషు కారు ఆయన ప్రాణం. "ఇది మామూలు బండి కాదు, పందేల కోసమే కంపెనీలో కట్టింది" అని పెళ్ళిళ్ళలోనే కాదు, దినాలప్పుడు కూడా చెప్పేవారు. జనం చాటుగా నవ్వుకునేవారు. ఈ ఏడాది చెన్నై దగ్గర పాత రేసుకార్ల పోటీ ఉందని తెలిసి, ఒక్కసారి ఆ ట్రాక్ మీద తోలాలని ముచ్చటపడ్డారు. పందేల తరగతికి కట్టిన బండేనని నాలాంటివాడు సంతకం పెడితేనే లోపలికి రానిస్తారు.

వెళ్ళి చూశాను. బానెట్‌కి తోలు పట్టీలు, వెడల్పాటి పెట్రోలు మూత, పెద్ద ట్యాంకు, అన్నీ ఉన్నాయి. కానీ అవి తర్వాత ఎవరైనా తగిలించుకోవచ్చు. అసలు గుట్టు చట్రంలో ఉంటుంది. ఆ తరగతి బళ్ళకి బరువు తగ్గాలని కంపెనీవాళ్ళే చట్రం పొడవునా గుండ్రటి కన్నాలు తొలిచేవారు. కిందకి దూరి టార్చి వేశాను. నల్లరంగు పూసిన ఇనుమే తప్ప ఒక్క కన్నం లేదు. ఇన్నేళ్ళూ నవ్విన జనానిదే నిజమని ఈ పెద్దాయనకి ఎలా చెప్పను?

బావగారు ఇంట్లోకి వెళ్ళారు. అక్క మాత్రం పక్కనే నిలబడి ఉంది.

"అక్కా, మీ ఆయన్ని ఎవడో నిలువునా ముంచాడే. ఈ బండికి కన్నాలేవి?"

"కన్నాలా? నేనే మూయించాను" అంది తాపీగా.

బావగారు ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేయించిందట. ట్రాక్టరు ట్రక్కులు కట్టే వెల్డరుని పిలిచి, బండి చిల్లులు పడిపోయిందని చూపించింది. అతను ట్రక్కులకి వేసే మందపాటి రేకుని చట్రం పొడవునా అతికించి, రంగు పూసి వెళ్ళాడు. అప్పట్నుంచీ బండి లాగడం లేదంటూ బావగారు కార్బురేటరు విప్పించని మెకానిక్కు ఆ చుట్టుపక్కల లేడు.

"నీకేమైనా బుద్ధుందా?" అని అరిచి, గ్రైండరు తెచ్చి రేకు కోశాను. నున్నటి అంచుతో గుండ్రటి కన్నం బయటపడింది. ఇంకాస్త కోస్తే దాని పక్కన ఇంకొకటి. అక్కడే వెల్లకిలా పడుకుని పిచ్చివాడిలా నవ్వాను. ప్రాణం లేచొచ్చింది.

గ్రైండరు మోత విని బావగారు పరుగున వచ్చారు. జరిగింది చెప్పాను. మోకాళ్ళ మీద కూర్చుని, కన్నంలో వేలు పెట్టి చూసుకుని, అక్క వైపు తిరిగారు. ఇంటి పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను.

"ఎందుకు మూయించావే?"

"సముద్రం ఒడ్డున కొత్తపట్నం దాకా దాన్ని ఆ వేగాన తోలుకెళ్తారు. చిల్లులు పడ్డ బండి, నడిరోడ్డు మీద రెండు ముక్కలైతే? మీరు ఇంటికి రావద్దా?"

బావగారు వేలికంటిన ఇనుప రజను తుడుచుకున్నారు. తర్వాత నాతో అన్నారు.

"ఒరేయ్, బెల్టులు బిగిస్తావుగా. పక్క సీటుకి కూడా బిగించు."

"పందెంలో పక్కన మనిషిని ఒప్పుకోరు బావా."

"పందేనికి ముందు అందరూ నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతారుగా. అది చాలు."

బెల్టు కొలతకి నేను టేపు తీశాను. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, మొదటిసారి ఆ కారులో కూర్చుంది.